మిసిసిపి జాన్ హర్ట్ ముప్ఫై అయిదేళ్ళు ఎక్కడికి పోయాడు? ఆయన వాయించేది బ్లూసేనా?

మీరు ఒకటే ప్రశ్న అన్నారు గానీ అందులో మూడున్నాయి. 1928లో రికార్డులిచ్చిన అమెరికా నల్లజాతి గాయకుడు, గిటారిస్టు జాన్ హర్ట్ 1963లో "మళ్ళీ దొరికే" దాకా ఏమైపోయాడు? అంత మెత్తగా పాడి, అంత నెమ్మదిగా వాయించే మనిషిని బ్లూస్ గిటారిస్టు అనొచ్చా? కార్డ్స్ పట్టి స్ట్రమ్మింగ్ చేయడం వరకే వచ్చిన మీరు ఆయన పద్ధతి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆయన ఎక్కడికీ పోలేదు. మిసిసిపి రాష్ట్రం, కారల్ కౌంటీలో అవలాన్ అనే పల్లె ఆయనది. ఆ ముప్ఫై అయిదేళ్ళూ అక్కడే ఉన్నాడు. పొలం పనులు చేశాడు, పశువులు కాశాడు, పిల్లల్ని పెంచాడు, చుట్టుపక్కల ఎవరింట్లోనైనా డాన్సు ఉంటే వెళ్ళి వాయించాడు. మాయమైంది రికార్డు కంపెనీ. ఇక రెండోదానికి జవాబు: బ్లూసే, కానీ ఆయన బ్లూస్ ఒక్కటే వాయించిన మనిషి కాదు. మూడోదానికి జవాబు బొటనవేలు. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే కాబట్టి కలిపే చెబుతాను. ఫింగర్‌స్టైల్, అంటే వేళ్ళతో ఒక్కో తీగా మీటే గిటార్ పద్ధతి, నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి హర్ట్ పాటలు మొదటి ఏడాదిలోనే పరిచయం చేస్తాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఆయన పుట్టింది అవలాన్ దగ్గర టియోక్‌లో. సంవత్సరం 1892 అని కొన్నిచోట్ల, 1893 అని ఎక్కువచోట్ల కనిపిస్తుంది. చిన్నప్పుడే వాళ్ళమ్మ డాలరున్నర పెట్టి ఒక పాత గిటార్ కొనిచ్చింది. ఎవరి దగ్గరా కూర్చుని పాఠాలు నేర్చుకోలేదు. గిటార్ ఎలా మోగితే బాగుంటుందని తనకు తోచిందో అలా మోగేదాకా సాధన చేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు రైల్వే పనికి వెళ్ళాడు. పట్టాలు వేసే కూలీలు సుత్తి దెబ్బకి దెబ్బ కలుపుతూ పాడుకునే పాట ఒకటి అక్కడే పట్టుకున్నాడు. మిగతా బతుకంతా వ్యవసాయమే, అదీ ఎక్కువగా పరాయి భూమిలో.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఆయన కచేరీ కళాకారుడు కాదు, ఊరి డాన్సులకి వాయించే మనిషి. శనివారం రాత్రి ఒక ఇంట్లో సామాను పక్కకి జరిపి, ఒక మూల కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టేవాళ్ళు. డ్రమ్ముండదు, బేస్ ఉండదు, మైకుండదు. అడుగులు తప్పకుండా తాళం నడపాల్సిందీ, పాట వరస వినిపించాల్సిందీ, పాడాల్సిందీ ఆయన ఒక్కడే. ఆయన వాయింపులో మనం మెచ్చుకునే ప్రతి గుణమూ ఆ అవసరంలోంచి పుట్టిందే.

ఒంటరిగానే కాదు, విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడితో కలిసి కూడా డాన్సులకి వాయించేవాడు. నార్మర్‌కి షెల్ స్మిత్ అనే గిటారిస్టు తోడుండేవాడు. అతను రాలేని రోజున హర్ట్ కూర్చునేవాడు. ఓకే రికార్డ్స్ అనే కంపెనీ వాళ్ళు నార్మర్‌ని వెతుక్కుంటూ వచ్చినప్పుడు, మా ఊళ్ళో ఇంకొక మంచి గిటారిస్టున్నాడని చెప్పింది నార్మరే. కంపెనీ మనిషి టామీ రాక్‌వెల్ హర్ట్ వాయింపు విని మెంఫిస్ రమ్మన్నాడు.

1928 ఫిబ్రవరిలో మెంఫిస్‌లో ఎనిమిది పాటలు రికార్డు చేశారు. బయటికి వచ్చింది ఒక్క రికార్డు, అంటే రెండు వైపులా కలిపి రెండు పాటలు. మిగిలిన ఆరూ పోయాయి. పెద్ద గదిలో తనని కుర్చీలో కూర్చోబెట్టి, మైకు నోటి దగ్గరికి జరిపి, సరిగ్గా కుదిరాక ఇక తల కదల్చొద్దన్నారని, ఆ తర్వాత చాలా రోజులు మెడ నొప్పి పుట్టిందని ముసలితనంలో గుర్తు చేసుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ పిలిపించారు. అంత దూరపు మహానగరంలో ఇంటి మీద బెంగతో తన ఊరిని తలుచుకుంటూ "అవలాన్ బ్లూస్" కట్టాడు. ఆ పాట తర్వాత ఆయన జీవితాన్నే మార్చింది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. పాటకి సుమారు 20 డాలర్ల చొప్పున ఇచ్చారు, అంతే. రాయల్టీ లేదు. పేరు ముందు "మిసిసిపి" తగిలించింది కూడా కంపెనీయే, అమ్మకాల కోసం. 1928లో ఆయన వాయించిన వాటిలో ఈ రోజు మనకి మిగిలినవి 13 పాటలు.

ఒక పక్కమాట. ఒకే పల్లెలో ఒకే డాన్సుకి కలిసి వాయించిన నార్మర్‌నీ హర్ట్‌నీ కంపెనీ రెండు వేరు కేటలాగుల్లో పెట్టింది. నల్లవాళ్ళ రికార్డులకి ఒక వరస నంబర్లు, తెల్లవాళ్ళ పల్లె సంగీతానికి ఇంకో వరస. నార్మర్, స్మిత్ కలిసి 1929లో చేసిన రికార్డు దక్షిణాది రాష్ట్రాల్లో బాగా ఆడింది. ఈ రెండు వరసల్నీ ఎవరైనా పక్కపక్కన పెట్టి వింటే కారల్ కౌంటీ సంగీతం ఒకటేనని తెలుస్తుంది. "బ్లూసేనా కాదా" అన్న మీ సందేహానికి మూలం సగం ఈ కేటలాగుల్లోనే ఉంది.

ఇక ఆ ముప్ఫై అయిదేళ్ళ సంగతి. 1929 చివర్లో అమెరికా షేర్ మార్కెట్ కూలింది. అమెరికాలో 1927లో దాదాపు 10 కోట్ల రికార్డులు అమ్ముడైతే 1932 నాటికి అది 60 లక్షలకి పడిపోయింది. అప్పుడు కంపెనీలు మొదట వదిలేసింది పల్లెటూరి కళాకారుల్నే. హర్ట్ రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు, మళ్ళీ పిలుపు రాలేదు, ఆయన పొలానికి వెళ్ళిపోయాడు. ఇందులో రహస్యమేమీ లేదు. 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన పాత అమెరికన్ జానపద రికార్డుల్లోంచి 84 ఏరి ఒక సంకలనంగా తెచ్చాడు. హర్ట్ పాటలు రెండు అందులో ఉన్నాయి. అవి విని నగరాల్లో కుర్రకారు గిటార్ నేర్చుకుంటుంటే, పాడిన మనిషి చనిపోయి ఉంటాడనే అందరూ అనుకున్నారు. ఆయనేమో పశువుల వెంట తిరుగుతున్నాడు.

1963 నాటికి వాషింగ్టన్‌లో పాత రికార్డులు సేకరించే డిక్ స్పాట్స్‌వుడ్, ఆయన మిత్రుడు టామ్ హాస్కిన్స్ "అవలాన్ బ్లూస్" టేపు సంపాదించారు. నా సొంత ఊరు అవలాన్ అని పాటలోనే ఉంది కదా, ఆ ఊరెక్కడ అని వెతికితే కొత్త మ్యాపుల్లో లేదు. పాత అట్లాసులో గ్రీన్‌వుడ్‌కీ గ్రెనేడాకీ మధ్య కనిపించింది. ఆ మార్చిలో హాస్కిన్స్ కారేసుకుని వెళ్ళి ఊళ్ళో కొట్టు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. ఆ సమయానికి హర్ట్ దగ్గర సొంత గిటార్ కూడా లేదంటారు.

హాస్కిన్స్‌ని చూసి పోలీసనో ఎఫ్‌బీఐ మనిషనో హర్ట్ భయపడ్డాడన్న సంగతి మీరూ చదివే ఉంటారు. చాలామంది దాన్ని నవ్వుకోవడానికి చెబుతారు. నాకది నవ్వొచ్చే విషయంలా ఎప్పుడూ అనిపించలేదు. 1963 మార్చి అంటే గ్రీన్‌వుడ్‌లో నల్లజాతి వాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమం మంచి వేడి మీద ఉన్న రోజులు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ ఊరి బయట ఉద్యమకారుడు జిమ్మీ ట్రావిస్ ఉన్న కారు మీద తుపాకీ పేల్చారు, ఆయన మెడలో గుండు దిగింది. 1955లో పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ని ఎత్తుకుపోయింది కూడా ఆ చుట్టుపక్కల మనీ అనే ఊరి నుంచే. అలాంటి చోట, అలాంటి నెలలో, పై ఊరి తెల్ల కుర్రాడొకడు పేరు పెట్టి అడుగుతూ ఇంటి ముందు దిగితే డెబ్భై ఏళ్ళ నల్లజాతి రైతు భయపడక ఏం చేస్తాడు? ఆయన పాటలోని నెమ్మదిని, ఆయన బతికిన చోటు నెమ్మదిగా ఉండేదన్నదానికి సాక్ష్యంగా తీసుకోకండి.

తర్వాతి మూడున్నరేళ్ళ గురించి కుప్పలు తెప్పలుగా రాశారు కాబట్టి త్వరగా ముగిస్తాను. భార్య జెస్సీతో వాషింగ్టన్ వెళ్ళాడు. 1963 జూలైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వాయించాడు. అదే నెలలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు కూర్చోబెట్టి డజన్ల కొద్దీ పాటలు రికార్డు చేశారు. కాఫీహౌసులు, కాలేజీలు తిరిగాడు. జానపద గాయకుడు పీట్ సీగర్ టీవీ కార్యక్రమంలో కనిపించాడు. న్యూయార్క్‌లో అప్పుడే పుట్టిన లవిన్ స్పూన్‌ఫుల్ అనే రాక్ బ్యాండ్ తన పేరుని ఆయన పాట మధ్యలో వచ్చే మాటల్లోంచి తీసుకుంది. 1966లో మళ్ళీ మిసిసిపి వెళ్ళి గ్రెనేడాలో ఉంటూ, ఆ నవంబరు 2న గుండెపోటుతో పోయాడు. అవలాన్‌లోనే పాతిపెట్టారు. ఆయన ఉన్న చిన్న ఇంటిని మ్యూజియంగా నిలబెట్టారు గానీ 2024 ఫిబ్రవరిలో అది కాలిపోయింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

ఇప్పుడు రెండో ప్రశ్న. మిసిసిపి బ్లూస్ అనగానే మన చెవిలో ఉండేది డెల్టా శబ్దం, అంటే ఆ రాష్ట్రంలో నది పక్కనున్న చదును నేల సంగీతం. చార్లీ పాటన్, సన్ హౌస్ లాంటివాళ్ళు తీగని లాగి కొడతారు, గాజు గొట్టమో ఇనుప గొట్టమో వేలికి తొడిగి జారుస్తారు, గొంతు చించుకుని పాడతారు. జనం కిక్కిరిసిన తోటల దగ్గరి తాగుడు కొట్లలో వినిపించాలంటే అలా కొట్టక తప్పదు. అవలాన్ ఉన్నది డెల్టా చదును నేల ముగిసి కొండలు మొదలయ్యే అంచున. హర్ట్ ఊరూరూ తిరిగి వాయించినవాడు కాదు. నేర్చుకున్నవి ఆ చుట్టుపక్కలవే. బ్లూస్ అనే పేరుతో అచ్చు కాగితాలు దేశమంతా అమ్ముడు కావడం మొదలైన 1912 నాటికే ఆయనకి ఇరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి, చేతిలో వాయింపు కుదురుకుని ఉంది. అందుకే ఆయన దగ్గర బ్లూస్‌తో పాటు రాగ్‌టైమ్ అనే పాత డాన్సు సంగీతం ఉంది, కథాగీతాలున్నాయి, చర్చి పాటలున్నాయి, పని పాటలున్నాయి. ఇలా అన్ని రకాలూ పాడే పాత తరం వాళ్ళని అమెరికాలో సాంగ్‌స్టర్ అంటారు. టెక్సస్‌లో నావసోటా అనే ఊళ్ళో ఉండిన మాన్స్ లిప్స్‌కోమ్ కూడా ఇదే కోవకి చెందినవాడు. వయసులో హర్ట్ కంటే కొంచెం చిన్న, తొలి రికార్డింగు 1960లో గానీ జరగలేదు. హర్ట్ నచ్చితే ఆయన్నీ వినండి.

"మెత్తగా" అన్నారు. మెత్తగా ఉన్నది గొంతు, పాడే విషయం కాదు. ఆయన పాడిన "స్టాక్ ఓ లీ" 1895లో సెయింట్ లూయిస్ నగరంలో లీ షెల్టన్ అనేవాడు బిల్లీ లయన్స్‌ని కాల్చి చంపిన ఉదంతం. "ఫ్రాంకీ" 1899లో అదే నగరంలో ఫ్రాంకీ బేకర్ అనే యువతి తన ప్రియుణ్ణి కాల్చిన సంఘటన నుంచి పుట్టిన పాట. ఇంకోటి, "లూయిస్ కాలిన్స్", ఒక హత్య తర్వాత తల్లి ఏడుపు. ఇవన్నీ పక్కింటి సంగతి చెబుతున్నట్టు గొంతు పెంచకుండా చెబుతాడు. నా మటుకు నాకు అరుపుల కంటే అదే ఎక్కువ కలవరపెడుతుంది.

ఇక వాయింపు. కుడిచేతి బొటనవేలు ఆగదు. ఆయన పద్ధతి మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. బొటనవేలు మందపాటి మూడు తీగల మీద (అన్నిటికంటే సన్నది 1, మందమైనది 6) ఒక్కో బీటుకి ఒక్కో తీగ మారుస్తూ నడుస్తుంది. సి కార్డ్ పట్టుకుంటే 5వ తీగ, 4వ తీగ, మళ్ళీ 5, మళ్ళీ 4. జి పట్టుకుంటే 6, 4. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట వరస వాయిస్తాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు గిటార్ చెక్క మీద ఆనించి ఉంచేవాడు. పాట వరసనే గిటార్ కూడా పాడుతుంది కాబట్టి ఆయన గొంతు అంత తక్కువ స్థాయిలో ఉన్నా పాట నిండుగా ఉంటుంది. డాన్సు చేసేవాళ్ళ పాదాలకి తాళం బొటనవేలిస్తే, చెవులకి పాట మిగతా వేళ్ళిస్తాయి.

వీణ నేర్చుకుని వచ్చిన శిష్యురాలొకరికి ఇది నేను ఊహించినదానికంటే తొందరగా పట్టుబడింది. వీణలో చూపుడువేలు, మధ్యవేలు పాట మీటుతుంటే చిటికెన వేలు తాళం తీగల్ని విడిగా మీటుతుంది కదా. తాళానికి వేరే వేలు, వేరే తీగలు అన్న ఆలోచన ఆమెకి కొత్త కాదు. ఆ పని చిటికెన వేలి నుంచి బొటనవేలికి మార్చుకోవడమే మిగిలింది. చర్చిలో పాటలకి స్ట్రమ్మింగ్ చేస్తూ గిటార్ నేర్చుకున్న కుర్రాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్ళకి కష్టం ఇంకోచోట. తాళం అంతా మణికట్టులో ఉంటుంది, చెయ్యి మొత్తం ఊగుతుంది, బొటనవేలు ఒక్కటే కదలమంటే కదలదు. మీరు స్ట్రమ్మింగ్ నుంచి వస్తున్నారు కాబట్టి మీకూ ఇదే ఎదురవుతుంది. అలాంటివాళ్ళకి నేను వాళ్ళకి ముందే వచ్చిన చర్చి పాటనే సి కార్డులో ఇస్తాను. హర్ట్ కూడా 1928లో బ్లూస్‌తో పాటు చర్చి పాటలు రికార్డు చేశాడు, వాటికీ వీటికీ బొటనవేలు నడక ఒకటే.

సాధన ఇలా చేయండి. సి పట్టుకుని, తాళం టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 మీద పెట్టి, బొటనవేలు ఒక్కటే 5, 4, 5, 4 నడిపించండి. విసుగొచ్చినా మరేమీ కలపొద్దు. అది నడుస్తుండగా ఎవరితోనైనా మాట్లాడండి. మాట్లాడుతుంటే బొటనవేలు తడబడుతోందంటే ఇంకా సిద్ధంగా లేనట్టే. తడబడకుండా నడిచిన రోజున మధ్యవేలితో ఒకటో తీగని, సరిగ్గా బీటు మీద, బొటనవేలితో పాటే మీటండి. తర్వాత చూపుడువేలితో రెండో తీగని రెండు బీట్ల మధ్యలో మీటండి. ఈ రెండో పని దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే మధ్యలో పడాల్సిన దెబ్బ బొటనవేలిని లాక్కుపోతుంది. అప్పుడు స్పీడ్ తగ్గించండి, వేలు మార్చకండి.

ఎఫ్ కార్డ్‌కి బారే, అంటే చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కడం, పట్టాలని పట్టుదల వద్దు. ఎడమచేతి బొటనవేలిని మెడ పైనుంచి తెచ్చి 6వ తీగ మొదటి ఫ్రెట్ నొక్కేవాడాయన. చెయ్యి చిన్నదైతే అది కుదరదు, అప్పుడు నాలుగు తీగల చిన్న ఎఫ్ పట్టి బొటనవేలిని 4, 3 మీద నడిపినా పాట చెడదు. రెండు వేళ్ళు చెక్క మీద ఆనించడం కూడా తప్పనిసరి కాదు. కొందరికి దానివల్ల చెయ్యి బిగుసుకుంటుంది, నొప్పి వస్తే మానేయండి. వేళ్ళకి తొడిగే పిక్స్ కొనకండి, ఉత్త వేళ్ళే చాలు. తీగలు ఫ్రెట్‌బోర్డు మీంచి మరీ ఎత్తుగా ఉంటే మాత్రం ముందు గిటార్‌ని సెటప్ చేయించి ఆ ఎత్తు సరిచేయించుకోండి. చౌక గిటార్ల మీద ఈ ఒక్క కారణంతో వదిలేసినవాళ్ళని చూశాను.

ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్స్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చూపించే రాత) విషయంలో ఒక జాగ్రత్త. ఒకే పాటని ఆయన 1928లో ఒకలా, 1963 తర్వాత ఇంకోలా వాయించాడు. 1928లో వేగం ఎక్కువ, బొటనవేలు మరింత చురుకు. ముసలితనంలో వేగం తగ్గింది, ఒక్కో స్వరానికీ ఊపిరి దొరికింది. ట్యాబ్ ఏ రికార్డింగుదో చూసుకుని దాన్నే వింటూ నేర్చుకోండి. 1928 రికార్డింగులు మీ ట్యూనర్‌తో సరిగ్గా కలవకపోతే కంగారు పడకండి. ఆ కాలపు రికార్డుల స్పీడు కచ్చితంగా ఉండదు, శృతి కొంచెం పైకో కిందికో జరిగి ఉంటుంది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నేర్చుకునేవాళ్ళకి నేను 1966లో వాన్‌గార్డ్ కంపెనీ వాళ్ళు తెచ్చిన "టుడే" ఆల్బమ్ ఇస్తాను. రికార్డింగు శుభ్రంగా ఉంటుంది, బొటనవేలు ఏ తీగ మీద పడుతోందో వినిపిస్తుంది. 2009లో అమెరికా జాతీయ రికార్డింగుల రిజిస్ట్రీలో దాన్ని చేర్చారు. అది చెవికి పట్టాక 1928 నాటి 13 పాటలకి వెళ్ళండి. ఇలా కొత్తవాటి నుంచి పాతవాటికి వెళ్తూ వింటే పాత రికార్డుల గరగర అంతగా అడ్డం రాదు. పీట్ సీగర్ కార్యక్రమం వీడియోలో ఆయన కుడిచెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. ధ్వని ఆపేసి చెయ్యొక్కటే చూడండి, ఎంత తక్కువ కదులుతుందో.

మొదటి పాటగా "లూయిస్ కాలిన్స్" తీసుకోండి. సి కార్డు చుట్టూ తిరుగుతుంది, తొందర లేదు. అది పాడుతూ వాయించగలిగాక జిలో "స్పైక్ డ్రైవర్ బ్లూస్". నేను పైన చెప్పిన రైల్వే కూలీల పాట అదే. ఆ రెండూ కుదిరాకే "స్టాక్ ఓ లీ" జోలికి వెళ్ళండి. దానికి ఓపెన్ జి ట్యూనింగ్ కావాలి: మందపు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. అంటే 6, 5, 1 తీగలు మూడూ ఒక్కో స్వరం కిందికి దించడమే. ఏ తీగా పైకి బిగించాల్సిన పని లేదు కాబట్టి తెగుతాయన్న భయం అక్కర్లేదు.